నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయి: పాత ట్విన్‌టబ్ మిషన్ డైరీ

మే చివరి వారం

మా పెద్దమ్మ వాళ్ళ సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మిషన్ ఇప్పుడు నా షెడ్డులో ఉంది. 1990ల మొదట్లో కొన్నది. ఎడమ పక్క ఉతికే టబ్బు, కుడి పక్క డ్రయ్యర్, పైన నాబులు, బయట రేకు బాడీ, లోపల ప్లాస్టిక్ టబ్బులు. కంపెనీ స్టిక్కర్ ఎప్పుడో ఊడిపోయింది. దానివల్ల ఇబ్బందేమీ లేదు. ఆ రోజుల్లో వచ్చిన ట్విన్‌టబ్‌లు లోపల దాదాపు ఒకే పోలికలో ఉంటాయి.

వచ్చినప్పటి పరిస్థితి ఇక్కడ రాసి పెట్టుకుంటున్నా. స్విచ్ వేస్తే వాష్ మోటారు గూఁ అని మూలుగుతుంది, టబ్బు అడుగున నీళ్ళను తిప్పే రెక్కల చక్రం, అంటే పల్సేటర్, కదలదు. చేత్తో ఒక తిప్పు తిప్పితే కాసేపు తిరిగి మళ్ళీ ఆగిపోతుంది. డ్రయ్యర్ తిరుగుతుంది గానీ గిర్రున లోహం ఒరుసుకునే చప్పుడు. మూత ఎత్తాక కూడా బుట్ట చాలాసేపు తిరుగుతూనే ఉంటుంది. ఉతికే టబ్బులో నీళ్ళు పోస్తే మిషన్ కింద నేల తడుస్తుంది.

పెద్దమ్మ చెప్పిన చరిత్ర నాకు ఇంకా ముఖ్యం. "ఒకసారి బెల్టు మార్చారు నాయనా, ఒకసారి కెపాసిటర్ అన్నారు, సీలు అయితే ఎన్నిసార్లు వేశారో. వేసిన కొన్నాళ్ళు బాగానే తిరిగేది, మళ్ళీ మామూలే." మూడు వేరువేరు భాగాలు మార్చినా ఒకే జబ్బు తిరిగి వచ్చిందంటే, అసలు కారణం ఆ మూడింటిలోనూ లేదన్నమాట. ఈ ప్రాజెక్టులో నాకు తేలాల్సింది అదే. మిషన్ తిరిగితే చాలదు, ఎందుకు ఆగిందో తెలియాలి.

జూన్ మొదటి ఆదివారం: వెనక రేకు తీశాక

ప్లగ్ పీకేసి, కెపాసిటర్‌లో మిగిలిన చార్జ్‌ను రెసిస్టర్ పెట్టి దించాకే చెయ్యి పెట్టాను. పాత మిషన్లు విప్పేవాళ్ళు ఈ అలవాటు మానకూడదు. ప్లగ్ తీసి ఉన్నా కెపాసిటర్ షాక్ కొడుతుంది.

లోపల ఎలక్ట్రానిక్స్ అన్నది అసలు లేదు. రెండు మోటార్లు, ఒకే డబ్బాలో రెండు కెపాసిటర్లు, ఒక బెల్టు, రెండు టైమర్లు, ఒక బ్రేక్ వైరు, నీళ్ళు వదిలే రబ్బరు వాల్వు. ప్రతి తీగా ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో కంటితో చూడొచ్చు. నాకీ మిషన్ మీద ఇంత ఇష్టం అందుకే. టార్చిలైటు ఉంటే చాలు, చదువుకోవచ్చు.

ముందు మోటారు. వాష్ మోటారు నుంచి మూడు తీగలు వస్తాయి. లోపల రెండు వైండింగులు (తీగ చుట్టలు) ఉంటాయి, రెండూ అచ్చం ఒకేలాంటివి. ఒకటి కామన్ తీగ, మిగతా రెండు ఆ వైండింగుల చివరలు. కెపాసిటర్‌ను ఆ రెండు చివరల మధ్య కలుపుతారు. కరెంటు మొదటి చివరకు ఇస్తే రెండో వైండింగుకు కెపాసిటర్ గుండా కరెంటు వెళ్ళి మోటారు ఒక వైపు తిరుగుతుంది. రెండో చివరకు ఇస్తే ఎదురు వైపు తిరుగుతుంది. ఉతికే పని రెండు వైపులా ఒకే బలంతో జరగాలి కాబట్టే వైండింగులు సమానంగా చుడతారు. మీటరు పెడితే కామన్ నుంచి రెండు చివరలకూ ఒకే రెసిస్టెన్స్ రావాలి, చివర నుంచి చివరకు దానికి రెట్టింపు రావాలి. నాకు 27, 27, 54 ఓమ్స్ వచ్చాయి. మోటారు క్షేమం.

కెపాసిటర్ డబ్బా మీద 10 + 5 మైక్రోఫారడ్ అని ఉంది. వాష్ వైపు 10 ఉండాల్సింది 6.8 చూపిస్తోంది. ఇవి ఒక్కసారిగా చచ్చిపోవు. లోపలి పల్చటి పొరకు చిన్న చిల్లు పడినప్పుడల్లా ఆ చుట్టుపక్కల లోహపు పూత ఆవిరైపోయి చిల్లు దానంతటదే మూసుకుపోతుంది. అలా కొద్దికొద్దిగా కెపాసిటీ తగ్గుతూ వస్తుంది. తగ్గిందంటే మోటారుకు మొదటి తిప్పులో బలం చాలదు.

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కెపాసిటర్ వీక్, మార్చేశాం, అయిపోయింది అంటారు. నేను మంచి కెపాసిటర్ తాత్కాలికంగా తగిలించి రెండు విధాలుగా చూశాను. బెల్టు తీసేసి స్విచ్ వేస్తే మోటారు వెంటనే అందుకుంది. బెల్టు వేసి స్విచ్ వేస్తే మళ్ళీ అదే మూలుగు, క్లాంప్ మీటరులో కరెంటు నాలుగు ఆంపియర్లు దాటింది. అంటే తిప్పాల్సిన బరువే ఎక్కువగా ఉంది. బెల్టు తీసి, పల్సేటర్‌ను తిప్పే పెద్ద పుల్లీని (బెల్టు చక్రాన్ని) చేత్తో తిప్పి చూస్తే విషయం తెలిసిపోయింది. రెండు వేళ్ళతో తిరగాల్సిన పుల్లీ, అరచేత్తో పట్టి తిప్పితే గరగరమంటూ కదిలింది.

జూన్ రెండో వారం: పల్సేటర్ యూనిట్

పల్సేటర్ నడిమధ్య స్క్రూ ఉప్పునీటి పొక్కుతో కప్పుకుపోయి ఉంది. మా వైపు బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. అది సబ్బుతో కలిసి తెల్లటి గట్టి పొరగా పేరుకుంటుంది. కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పును వేడినీళ్ళలో కలిపి పోసి ఒక పూట వదిలేశాను. బుడగలు వస్తూ పొర కరిగింది. సుత్తీ ఉలీ పట్టుకుంటే ఆ ప్లాస్టిక్ టబ్బు పగిలిపోయేది. ఈ మిషన్‌కు కొత్త టబ్బు ఇప్పుడు ఎక్కడా దొరకదు కూడా.

యూనిట్ బయటికొచ్చింది. ఈ మోడల్‌లో గేర్లు లేవు. ఒక షాఫ్టు, దాన్ని పైనా కిందా పట్టి ఉంచే గొట్టాల్లాంటి రెండు బుష్‌లు, అన్నిటికన్నా పైన నీళ్ళు దిగకుండా ఒక ఆయిల్ సీల్, కింద బెల్టు పుల్లీ. అంతే. షాఫ్టు నిండా ఎర్రటి తుప్పు. పై బుష్‌లో షాఫ్టు అటూ ఇటూ ఊగుతోంది. సీల్ మాత్రం చూడటానికి కొత్తగానే ఉంది, రబ్బరు మెత్తగా ఉంది, దాని చుట్టూ ఉండే సన్నటి స్ప్రింగు బిగువుగా ఉంది. మంచి సీల్ ఉండగా నీళ్ళు ఎలా దిగాయి?

బాలానగర్‌లో నాకు తెలిసిన లేత్ మేస్త్రి దగ్గరకు తీసుకెళ్ళాను. ఆయన సీల్ వంక చూడనే లేదు, షాఫ్టు తుడిచి వెలుతురుకు పెట్టాడు.

"సీల్ ఎన్నిసార్లు మార్చిన్రు సార్?"

"చాలాసార్లే మార్చారంట అన్నా."

"షాఫ్ట్ ఎవ్వరు చూడలే. గోరు పెట్టి చూడుండ్రి, గాడి పడ్డది. ఈ గాడి మీద ఎన్ని కొత్త సీళ్ళు ఏసినా నీళ్ళు దిగుతనే ఉంటయ్."

గోరు పెట్టి చూశాను. సీల్ పెదవి ఆనే చోట షాఫ్టు చుట్టూ సన్నటి గాడి. కంటికి గీతలా కనిపిస్తుంది గానీ గోరు అక్కడ ఆగుతోంది. రబ్బరు ఇనుమును ఎలా అరగదీసిందంటే, బావి గట్టు రాతిని తాడు అరగదీసినట్టే. బట్టల నుంచి వచ్చే సన్నటి మట్టి, సున్నపు రవ్వ వచ్చి రబ్బరు పెదవిలో కూరుకుపోతాయి. ఆ తరవాత ప్రతి తిప్పుకూ ఆ పెదవి గరుకు కాగితంలా పనిచేస్తుంది. కొత్త సీల్ వేసినప్పుడు దాని పెదవి మళ్ళీ సరిగ్గా ఆ గాడిలోకే వెళ్ళి కూర్చుంటుంది. గాడి లోతులో రబ్బరుకు బిగువు ఉండదు. కొన్నాళ్ళు ఆపుతుంది, తరవాత చుక్క చుక్కగా వదిలేస్తుంది.

ఇక అక్కడి నుంచి వరస అర్థమైంది. దిగిన నీళ్ళు బుష్‌లోని నూనెను తోసేశాయి. నూనె పోయిన చోట షాఫ్టు తుప్పు పట్టింది. తుప్పు పొడి బుష్‌ను అరగదీసింది. బుష్ అరిగితే షాఫ్టు ఊగుతుంది, ఊగే షాఫ్టును సీల్ పెదవి పట్టుకోలేదు, ఇంకా నీళ్ళు దిగుతాయి. షాఫ్టు బిగుసుకుంటే మోటారు తిరగలేక మూలుగుతుంది, బెల్టు పుల్లీ మీద జారి నునుపెక్కిపోతుంది, వేడికి కెపాసిటర్ మరింత త్వరగా ముసలిదవుతుంది. పెద్దమ్మ వాళ్ళు డబ్బు పెట్టి మార్పించిన బెల్టు, కెపాసిటర్, సీల్ అన్నీ ఈ గాడికి కింది వరసలో ఉన్నవే.

జూన్ మూడో వారం: బుష్, సీల్

షాఫ్టుకు మూడు దారులున్నాయి. కొత్తది స్టెయిన్‌లెస్ స్టీలుతో తిప్పించడం, గాడి మీద పల్చటి స్లీవ్ ఎక్కించడం, లేదా సీల్‌ను కొంచెం జరపడం. సీల్ కూర్చునే గూడు లోతు కొలిస్తే సీల్ మందం కన్నా ఎక్కువే ఉంది. "కింద రెండు ఎం.ఎం. రింగ్ ఏసుకోండ్రి, పెదవి కొత్త జాగల కూసుంటది" అన్నాడు మేస్త్రి. నాకు ఇదే నచ్చింది. పాత షాఫ్టు పాతగానే ఉంటుంది, రబ్బరు మాత్రం అరగని చోట ఆనుతుంది. షాఫ్టును లేత్ మీద సన్నటి ఎమెరీ కాగితంతో మెరుగు పెట్టించి, రింగ్ చేయించుకుని వచ్చాను.

బుష్‌ల కోసం రాణీగంజ్ వెళ్ళాను. బేరింగు, రబ్బరు, సీల్ అంటే హైదరాబాదులో మొదట గుర్తొచ్చేది ఆ వీధులే. కావాల్సింది మామూలు ఇత్తడి బుష్ కాదు. కాంస్యపు పొడిని అచ్చులో నొక్కి, కరగనివ్వకుండా కాల్చి చేసిన బుష్. దాని ఘనపరిమాణంలో సుమారు ఐదో వంతు సన్నటి రంధ్రాలే, వాటిలో నూనె నిండి ఉంటుంది. షాఫ్టు తిరిగి వేడెక్కితే నూనె బయటికి ఊరుతుంది, ఆగి చల్లారితే మళ్ళీ లోపలికి పీల్చుకుంటుంది. ఎవరూ నూనె వేయకపోయినా ఏళ్ళ తరబడి నడిచేది అందుకే.

కాబట్టి ఈ బుష్ విషయంలో కొన్ని పనులు చేయకూడదు. లోపలి వైపు ఆకురాయితో, ఎమెరీతో రుద్దకూడదు. రుద్దితే రంధ్రాలు మూసుకుపోతాయి. గ్రీజు పూయకూడదు, అది కూడా రంధ్రాలను మూసేస్తుంది. తుప్పు వదిలించే స్ప్రే కొడితే అప్పటికి గరగర తగ్గుతుంది గానీ ఉన్న నూనె కాస్తా కడుక్కుపోతుంది. కొత్త బుష్‌లు దుకాణంలో ఎన్నాళ్ళుగా ఉన్నాయో తెలియదు కాబట్టి, నూనె గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి వాటిని అందులో నానబెట్టాను. ముందు సన్నటి గాలి బుడగలు వచ్చాయి. బుడగలు ఆగాక నూనెలోనే చల్లారనిచ్చాను. చల్లారేటప్పుడే లోపలికి నూనె పడుతుంది.

అంతా బిగించాక పుల్లీని ఒక్క వేలితో తోశాను. తిరిగి, తిరిగి, మెల్లగా ఆగింది.

ఆ వారంలోనే: ఈ ఆకారం ఎక్కడిది

మోటారు ప్లేటు మీద 1350 ఆర్‌పిఎం. చిన్న పుల్లీ 5 సెంటీమీటర్లు, పెద్ద పుల్లీ 15. అంటే పల్సేటర్ నిమిషానికి 450 చుట్లు. 18 సెంటీమీటర్ల పల్సేటర్ అంచు సెకనుకు నాలుగు మీటర్లకు పైగా పరిగెత్తుతుంది. బట్టను అది ముట్టుకుని రుద్దదు, నీటిని సుడి తిప్పి ఆ సుడితో ఉతుకుతుంది. పల్సేటర్ బోర్లించి చూస్తే అడుగున కూడా రెక్కలున్నాయి. అవి కింద ఉన్న నీటిని పక్క కాలువ గుండా పైకి తోస్తాయి, ఆ నీళ్ళు పోగుల సంచీలో వడకట్టుకుని మళ్ళీ టబ్బులో పడతాయి. వేరే పంపు లేకుండానే ఆ పని అయిపోతోంది.

అమెరికాలో పాత మిషన్లలో చాలావాటికి మధ్యలో నిలువు ఎజిటేటర్, అంటే రెక్కలున్న స్తంభం, ఉండేది. అది పూర్తిగా తిరగదు, అటూ ఇటూ ఊగుతుంది, దానికి గేర్లు కావాలి. యూరప్ అడ్డంగా తిరిగే డ్రమ్ము వైపు వెళ్ళింది. మన ట్విన్‌టబ్ వంశం వేరు. 1948లో హూవర్ కంపెనీ వేల్స్‌లోని మెర్తిర్ టిడ్‌ఫిల్‌లో పెట్టిన ఫ్యాక్టరీ నుంచి చిన్న మిషన్ ఒకటి వచ్చింది. టబ్బు పక్క గోడకు పల్సేటర్, పిండటానికి చేత్తో తిప్పే రోలర్లు. దాన్ని చూసే జపాన్‌లో సాన్యో 1953లో తన మొదటి మిషన్ ఎస్‌డబ్ల్యూ-53 తెచ్చింది, ధర 28,500 యెన్లు. టీవీ, ఫ్రిజ్‌తో పాటు వాషింగ్ మిషన్‌ను కూడా అక్కడి మధ్యతరగతి ఇళ్ళలో మూడు దివ్య నిధుల్లో ఒకటిగా చెప్పుకున్న రోజులవి. 1960లో అక్కడే పక్కన డ్రయ్యర్ ఉన్న రెండు టబ్బుల మిషన్ వచ్చింది. 1980ల చివర, 90ల మొదట్లో వీడియోకాన్, బీపీఎల్ లాంటివాళ్ళు మన ఇళ్ళకు తెచ్చింది జపాన్ దారిలో వచ్చిన ఈ ఆకారాన్నే.

అది మన ఇళ్ళలో నిలబడటానికి కారణం నీళ్ళు. దీనికి కుళాయిలో ప్రెషర్ అక్కర్లేదు, బకెట్‌తో పోసినా నడుస్తుంది. ఒకే సబ్బునీళ్ళలో ముందు తెల్లబట్టలు, తరవాత రంగువి, ఆఖర్న కాళ్ళపట్టాలు వేస్తారు. ట్యాంకరు నీళ్ళు కొనుక్కునే వేసవిలో ఆ సౌకర్యం విలువ తెలిసినవాళ్ళు ఈ మిషన్‌ను పాతది అని తీసిపారేయరు.

జూలై మొదటి వారం: వాష్ టైమర్

ఈ మిషన్‌లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది ఇదే. అగ్గిపెట్టెకు రెండింతలుండే డబ్బా. నాబ్ తిప్పితే లోపల స్ప్రింగు చుట్టుకుంటుంది. అది విప్పుకుంటూ పళ్ళచక్రాలను తిప్పుతుంది. చివరి చక్రాన్ని గడియారంలో మాదిరి ఒక చిన్న కొక్కెం పట్టి వదులుతూ ఉంటుంది. మనకు వినిపించే టిక్ టిక్ ఆ కొక్కేనిదే. ఇదంతా కరెంటుతో సంబంధం లేకుండా నడుస్తుంది. ఉతుకుతుండగా కరెంటు పోతే మోటారు ఆగుతుంది గానీ టైమర్ లెక్క ఆగదు. వచ్చేసరికి సున్నాకు చేరిపోయి ఉంటుంది. చిన్నప్పుడు కరెంటు పోయి వచ్చాక ఇంట్లో అమ్మవాళ్ళు నాబ్‌ను మళ్ళీ వెనక్కి ఎందుకు తిప్పేవాళ్ళో ఇప్పుడు తెలిసింది.

లోపల రెండు రకాల క్యామ్‌లున్నాయి, అంటే అంచున ఎత్తుపల్లాలున్న చక్రాలు. ఒకటి నాబ్‌తో పాటే నెమ్మదిగా తిరిగేది. సున్నా దగ్గర దానికొక పల్లం ఉంది, మెయిన్ కాంటాక్టు అందులో పడగానే అంతా ఆగిపోతుంది. రెండోది పళ్ళచక్రాల వరసలో ముందున్న వేగమైన క్యామ్. 66 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది. మోటారుకు అటు, ఇటు, ఆగు అని చెప్పేది ఇదే.

దీని అంచుకు మూడు ఎత్తులున్నాయి. అంచు మీద ఒక సన్నటి కంచు రేకు ఆని ఉంటుంది, దానికి పైన ఒక కాంటాక్టు, కింద ఒక కాంటాక్టు. ఎత్తైన భాగం వచ్చినప్పుడు రేకు పైకి లేచి పై కాంటాక్టును తాకుతుంది, మోటారు కుడికి తిరుగుతుంది. పల్లం వచ్చినప్పుడు కింద దాన్ని తాకుతుంది, ఎడమకు తిరుగుతుంది. మధ్య ఎత్తులో రేకు రెండిటికీ అందకుండా గాల్లో ఉంటుంది. అదే విరామం. వాచీ పెట్టుకుని చూశాను: 28 సెకన్లు కుడికి, 5 సెకన్లు విరామం, 28 సెకన్లు ఎడమకు, 5 సెకన్లు విరామం. ఉతికే పద్ధతంతా ఒక ప్లాస్టిక్ చక్రం అంచు మీద చెక్కి పెట్టారు. సున్నితం అనే సెట్టింగుకు పక్కనే ఇంకో క్యామ్ ఉంది, దాని ఎత్తుపల్లాలు పొట్టివి, మధ్య భాగాలు పొడుగువి. సెలెక్టర్ నాబ్ చేసేదల్లా ఏ క్యామ్ రేకు నుంచి మోటారుకు తీగ కలపాలో మార్చడమే.

వైపు మార్చకపోతే బట్టలు తాడులా పేనుకుపోతాయి. విరామం లేకపోతే, సుడి తిరుగుతున్న నీళ్ళకు ఎదురు మోటారు ఒక్కసారిగా తిరగాల్సి వస్తుంది, బెల్టు జారుతుంది, కాంటాక్టుల దగ్గర నిప్పురవ్వలు పెరుగుతాయి. 15 నిమిషాల ఉతుకులో మోటారు సుమారు 27 సార్లు మొదలవుతుంది. రోజుకు రెండు వాయిలు వేసే ఇంట్లో ఏడాదికి అది 20 వేలకు దగ్గర. 30 ఏళ్ళు ఆ రేకు ఎన్నిసార్లు ఎగిరి దిగిందో ఆలోచిస్తే, దాన్ని డిజైన్ చేసినవాళ్ళ మీద గౌరవం కలుగుతుంది.

ఈ టైమర్ కూడా మధ్యలో ఆగిపోతోంది, దానికి కారణం గట్టిపడిన పాత గ్రీజు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడిగి, ఇరుసు మొనల దగ్గర మాత్రమే గడియారం నూనె చుక్క సూదితో పెట్టాను. పళ్ళకు నూనె పెట్టలేదు, పెడితే దుమ్ము అంటుకుంటుంది. కాంటాక్టులు నల్లబడ్డాయి. వాటి మీద ఉన్న వెండి మిశ్రమం పల్చటి పొర, ఆకురాయి పెడితే పోతుంది. మందపాటి కాగితం ముక్కను ఆల్కహాల్‌లో తడిపి కాంటాక్టుల మధ్య పెట్టి లాగాను. నలుపు కాగితానికి అంటుకుని వచ్చేసింది.

జూలై మధ్యలో: డ్రయ్యర్

డ్రయ్యర్ మోటారుకు బెల్టు లేదు, నేరుగా బుట్టను తిప్పుతుంది. ఒకే వైపు తిరిగితే చాలు కాబట్టి దీని రెండు వైండింగులు సమానంగా ఉండవు. ఓమ్స్ వేరువేరుగా చూపిస్తే కంగారు పడక్కర్లేదు.

బుట్ట వ్యాసార్ధం 12 సెంటీమీటర్లు, వేగం 1350. లెక్క వేస్తే అంచు దగ్గర బట్టలోని నీటి మీద పడే బలం దాని బరువుకు 240 రెట్లకు పైనే. అంచు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతోంది. మూత తీసి చెయ్యి పెడితే ఏమవుతుందో ఆ అంకెలే చెబుతాయి. అందుకే మూత ఎత్తగానే రెండు పనులు జరగాలి. స్విచ్ కరెంటును తెంపాలి, బ్రేక్ పట్టుకోవాలి. మూత మూసి ఉన్నంతసేపు ఒక వైరు బ్రేక్ షూను లాగి పట్టి ఉంచుతుంది. మూత ఎత్తితే వైరు వదులవుతుంది, స్ప్రింగు షూను తెచ్చి కింద ఉన్న డ్రమ్ముకు ఒత్తుతుంది. మా మిషన్‌లో షూ ప్యాడ్ అరిగిపోయింది, స్ప్రింగు తుప్పు పట్టి బలం పోయింది. రెండూ కొత్తవి వేశాను. ఇప్పుడు నాలుగైదు సెకన్లలో బుట్ట ఆగుతోంది. పిల్లలున్న ఇంట్లో ఈ మిషన్ వాడుతుంటే, ఉతకడం సంగతి తరవాత, ముందు ఈ బ్రేక్ చూసుకోండి.

మోటారు మూడు స్ప్రింగుల మీద నిలబడి ఉంటుంది, గట్టిగా బిగించరు. ఎందుకో తెలియాలంటే తడి తువ్వాలును బుట్టలో ఒక పక్కకే పెట్టి తిప్పి చూడాలి. మొదటి రెండు మూడు సెకన్లు విపరీతంగా ఊగుతుంది, వేగం పెరిగే కొద్దీ దానంతటదే సర్దుకుంటుంది. స్ప్రింగుల సహజ ఊపుకు వేగం కలిసినప్పుడు ఊగుడు ఎక్కువ. ఆ వేగం దాటాక బుట్ట తన నడుమ చుట్టూ కాకుండా బట్టలతో కలిపిన బరువు కేంద్రం చుట్టూ తిరగడం మొదలుపెడుతుంది. గట్టిగా బిగిస్తే ఆ స్వేచ్ఛ ఉండదు, షాఫ్టు విరుగుతుంది. స్వీడన్ ఇంజనీరు గుస్తాఫ్ డి లావల్ 19వ శతాబ్దం చివర్లో తన ఆవిరి టర్బైన్‌కు సన్నటి వంగే షాఫ్టు పెట్టింది ఈ సూత్రం మీదే.

ఇక చప్పుడు సంగతి. టబ్బు అడుగున షాఫ్టు చుట్టూ ముడతల రబ్బరు తొడుగు ఉంటుంది. మోటారు ఊగినా నీళ్ళు కిందికి దిగకుండా అది సాగుతూ ఉంటుంది. దాని మధ్య బుష్ అరిగింది. అక్కడ నుంచి కారిన నీళ్ళు సరిగ్గా మోటారు నెత్తిన పడుతున్నాయి. పై బేరింగ్ 6202, గ్రీజు పోయి గోళీలు ఎర్రగా ఉన్నాయి. అటు వాష్ వైపు ఏం జరిగిందో ఇటూ అదే జరిగింది. తొడుగు మొత్తం కోఠీ గుజరాతీ గల్లీలో దొరికింది, కెపాసిటర్ కూడా అక్కడే తీసుకున్నాను.

మోటారులో చెమ్మ చేరింది కాబట్టి కరెంటు బాడీకి లీకవుతుందేమో చూసే మీటరు, 500 వోల్టుల మెగ్గర్, పెట్టి చూశాను. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ. బల్బు కింద బాగా ఆరబెట్టాక పదికి పైన వచ్చింది. అప్పుడే బిగించాను.

జూలై చివర: రేకు, ఎర్తింగ్

అడుగు రేకు మూలల్లో తుప్పు తిన్న చోట గీకి, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, పైన పెయింట్. పాత రెండు పిన్నుల ప్లగ్ తీసేసి మూడు పిన్నులది వేశాను. రేకు బాడీకి, రెండు మోటార్ల బాడీలకూ ఎర్త్ తీగ విడిగా కలిపాను. షెడ్డు లైనులో కరెంటు లీకైతే వెంటనే లైను తెంపే 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంది. నీళ్ళు, రేకు, కరెంటు మూడూ ఒకచోట ఉండే వస్తువు ఇది, ఈ ఖర్చు దగ్గర బేరం వద్దు.

ఆగస్టు మొదటి వారం: ట్రయల్

టబ్బు నింపి రాత్రంతా వదిలేశాను. పల్సేటర్ యూనిట్ చుట్టూ పొడి న్యూస్‌పేపర్ చుట్టి ఉంచాను, చుక్క పడితే మచ్చ కనిపించాలని. పొద్దున పేపరు పొడిగానే ఉంది. తరవాత తిప్పుతూ అదే పరీక్ష. ఉత్త నీళ్ళతో కరెంటు 1.4 ఆంపియర్లు, దుప్పట్లు వేశాక 1.7. మోటారు ప్రతిసారీ వెంటనే అందుకుంటోంది. పేపరు మళ్ళీ పొడిగానే ఉంది.

పెద్దమ్మ వచ్చి చూసింది. నాబ్ తిప్పి, విరామం తరవాత పల్సేటర్ అటు నుంచి ఇటు తిరగడం రెండు మూడు సార్లు గమనించి, "ఇదివరకు ఇంత తొందరగా అందుకునేది కాదురా, మూలిగి మూలిగి తిరిగేది" అంది. నాకు కావాల్సిన సర్టిఫికెట్ అదే. ఆ మూలుగు ఆమె ఏళ్ళ తరబడి విన్నది. అంటే షాఫ్టు అన్నాళ్ళుగా బిగుస్తూనే ఉందన్నమాట.

మిగిలిన పనులు: నీళ్ళు వదిలే రబ్బరు వాల్వు అంచు కొంచెం గట్టిపడింది, ఇంకా కారడం లేదు గానీ మార్చాలి. డ్రయ్యర్ టైమర్ విప్పి చూడలేదు. సీల్ దగ్గర మూడు నెలలకోసారి న్యూస్‌పేపర్ పరీక్ష పెట్టుకోవాలి, గాడి మళ్ళీ పడుతుందేమో తెలుస్తుంది.

పాత సామాన్లు అమ్మే జుమ్మేరాత్ బజార్‌లో ఇంకో ట్విన్‌టబ్ దొరికింది. ఇది కొంచెం తరవాతి కాలానిది, పల్సేటర్ పెద్దది, యూనిట్ లోపల వేగం తగ్గించే ప్లానెటరీ గేర్లున్నాయి. అమ్మినతను గేర్‌బాక్సు పోయిందన్నాడు. గేర్లు విప్పే ముందు సీల్ తీసి, షాఫ్టు మీద గోరు పెట్టి చూస్తాను.